అయోగ్యులు కారు, బాలలు: నేపాల్ నేర్పే పాఠం

బాలల హక్కులు అనగానే మనకు పరీక్షలో రాసే నాలుగు మాటలు గుర్తుకొస్తాయి. అవి జీవించే హక్కు, రక్షణ హక్కు, అభివృద్ధి హక్కు, భాగస్వామ్య హక్కు. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలోని సారాంశం ఇదే. మరి దేశంలో యుద్ధం జరుగుతుంటే ఈ హక్కులు ఏమవుతాయి? మన పొరుగుదేశమైన నేపాల్ అనుభవంతో తెలుసుకుందాం.

యుద్ధంలోకి పిల్లలు ఎలా వచ్చారు?

1996 ఫిబ్రవరిలో నేపాల్‌లో మావోయిస్టుల సాయుధ పోరాటం మొదలైంది. 2006 నవంబరు 21న శాంతి ఒప్పందం కుదిరేదాకా పదేళ్ళు సాగింది. 13 వేలమందికి పైగా చనిపోయారు.

ఈ యుద్ధంలో పిల్లలు కూడా ఉన్నారు. కొందరిని బలవంతంగా తీసుకెళ్ళారు. కొన్నిచోట్ల ఇంటికొకరిని పంపమని ఒత్తిడి చేశారు. మరికొందరు పేదరికం, కుల వివక్ష, సైన్యం వేధింపులు భరించలేక తామే వెళ్ళారు. వంట, మోత, కబురు చేరవేయడం, కాపలా, పోరాటం అన్నీ చేశారు. తానే వెళ్ళినా పిల్లవాడి ఇష్టం చట్టం ముందు చెల్లదు. ప్రభుత్వ సైన్యానికి చెందని సాయుధ దళాలు 18 ఏళ్ళ లోపు వారిని ఏ పరిస్థితిలోనూ చేర్చుకోరాదని 2000 సంవత్సరంలో వచ్చిన అదనపు ఒప్పందం స్పష్టంగా చెప్పింది.

వయసు నిర్ణయం

ఒప్పందం తర్వాత ఐక్యరాజ్యసమితి బృందం శిబిరాల్లో ఉన్నవారిని ఒక్కొక్కరినీ పరిశీలించింది. 1988 మే 25 తర్వాత పుట్టినవారిని, అంటే 2006 మే 25 నాటికి 18 నిండనివారిని బాలలుగా లెక్కించారు. అలా 2,973 మంది తేలారు. వారిలో సుమారు మూడో వంతు బాలికలు.

పుట్టిన తేదీ కాగితం లేని పిల్లల వయసు తేల్చడం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనలో చాలామంది పుట్టినరోజు బడిలో చేర్చుకున్ననాడు పంతులుగారు రాసిందే. జనన నమోదును కూడా ఒడంబడిక హక్కుగా పేర్కొన్నది ఇందుకే. వయసు రుజువు కాని పిల్లవాడు రక్షణకు నోచుకోడు.

ఒక మాట చేసిన గాయం

2007 చివరికి పరిశీలన పూర్తయినా రాజకీయ తగాదాల వల్ల ఈ పిల్లలు 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లోగానీ శిబిరాలు విడవలేదు. ఈలోగా చాలామందికి 18 దాటిపోయాయి. చదువుకోవలసిన మూడేళ్ళు శిబిరంలోనే గడిచిపోయాయి.

అంతకంటే బాధ కలిగించింది వారికి పెట్టిన పేరు. బాలలనూ, కాల్పుల విరమణ తర్వాత చేరిన మరో 1,035 మందినీ కలిపి 'అయోగ్య' అన్నారు. నేపాలీలోనూ ఆ మాటకు అర్థం మనకు తెలిసిందే. నియమాల ప్రకారం సైన్యంలో కొనసాగే అర్హత లేదని చెప్పడమే అధికారుల ఉద్దేశం. ఊరి జనం మాత్రం దేనికీ పనికిరానివారని అర్థం చేసుకున్నారు. తప్పు వారిని చేర్చుకున్న పెద్దలది, మచ్చ పిల్లలది. ఆ మాట తీసేయమని వారు చాలా ఏళ్ళు ఆందోళన చేశారు.

పునరావాసంలో మంచి చెడ్డలు

వారికి చదువు, వృత్తి శిక్షణ, ఆరోగ్య రంగ శిక్షణ, చిన్న వ్యాపారం అనే నాలుగు దారులు చూపించారు. నగదు చేతికిస్తే దళ నాయకులు లాక్కోవచ్చనీ, డబ్బాశతో మరికొందరు పిల్లలు చేరవచ్చనీ అంతర్జాతీయ సూత్రాలు హెచ్చరిస్తాయి. ఆ జాగ్రత్త సరైనదే. కానీ 2012లో స్వచ్ఛందంగా విరమించిన పెద్దలకు హోదాను బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు ముట్టాయి. బాల్యం పోగొట్టుకున్నవారు తమకు అన్యాయం జరిగిందనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

బాలికల కష్టం వేరు. దళంలో కులాంతర వివాహం చేసుకున్నవారిని, బిడ్డలతో తిరిగివచ్చినవారిని చాలా కుటుంబాలు ఆదరించలేదు. శిక్షణకు పోదామంటే బిడ్డను చూసేవారు ఉండాలి.

మెచ్చుకోదగిన పని బడుల విషయంలో జరిగింది. యుద్ధకాలంలో విద్యార్థులను బడి నుంచే తీసుకెళ్ళేవారు. బందులతో బడులు మూతపడేవి. ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సంస్థలు ఇరుపక్షాలతో మాట్లాడి బడిలోకి ఆయుధాలు తేరాదు, సభలు పెట్టరాదు, బడి మూయరాదు అని నియమావళి రాయించారు. దీన్నే 'శాంతి మండలంగా బడి' అన్నారు. 2011లో నేపాల్ ప్రభుత్వం దీన్ని జాతీయ విధానంగా స్వీకరించింది.

మనం గ్రహించవలసినవి

1. పిల్లవాడిని యుద్ధం నుంచి బయటికి తేవడం సగం పనే. ఇల్లు, బడి, గౌరవం దొరికితేనే రక్షణ పూర్తవుతుంది.
2. ఆలస్యం కూడా హక్కుల ఉల్లంఘనే. పిల్లల వయసు ఎవరి చర్చల కోసమూ ఆగదు.
3. బాలికల అవసరాలు మొదటే ఆలోచించాలి.
4. బడిని కాపాడుకోవడం ఊరి చేతిలో కూడా ఉంది.

మిత్రులారా, మన వసతిగృహంలో చదివినవారు ఎందరో ఉపాధ్యాయులు, వార్డెన్లు, ఉద్యోగులు అయ్యారు. ఇకముందూ అవుతారు. ఏదో ఒకరోజు ఒక పిల్లవాడి దరఖాస్తు మన బల్ల మీదికి వస్తుంది. అతని పేరు పక్కన రాసే మాటను అతను జీవితాంతం మోయవలసి రావచ్చు. దాన్ని ఆలోచించి రాద్దాం.