నీకు వినపడని రేడియో

యానాం

మేనల్లుడికి,

వైతికుప్పంలో మేడ మీద బేస్ స్టేషన్ పెట్టానని, బావుల్లో ఉప్పు కొలిచే ఎనిమిది రేడియోల డేటా రోజూ కొంత గల్లంతవుతోందని రాశావు. పవర్ పెంచేస్తానన్నావు. తొందరపడకు, ముందు లెక్క వేసుకో. 60 బైట్ల ప్యాకెట్ 1200 బాడ్ మీద 0.4 సెకను. రేడియో కుదురుకోవడానికి వదిలే టీఎక్స్‌డిలే ఇంకో 0.3. ఎనిమిదింటికీ కలిపి 6 సెకన్లు దాటదు. పది నిమిషాలకోసారి పంపుతున్నావు కాబట్టి మిగతా 594 సెకన్లూ ఛానల్ ఖాళీయే. అయినా ఢీకొంటున్నాయంటే అన్నీ ఒకే క్షణంలో మొదలవుతున్నాయన్నమాట. ఒక్కోదానికి 30 సెకన్ల ఎడం పెట్టి చూడు.

విని పంపడం అన్నది ఆ తర్వాతి మాట. హవాయిలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్‌లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపేవాళ్లు. ఆ పద్ధతిలో ఛానల్ మహా అయితే 18 శాతమే పనికొస్తుంది. అందుకే ఇప్పటి రేడియోలు ముందు వింటాయి. ఛానల్ ఖాళీ కాగానే అందరూ ఒక్కసారి మీద పడకుండా పాచిక వేస్తాయి. ఆ పాచికే పర్సిస్టెన్స్. మామూలుగా 63 ఉంటుంది, అంటే నాలుగింట ఒక వంతు అవకాశం. నీకు ఎనిమిది రేడియోలు, కాబట్టి 31 పెట్టు, ఎనిమిదింట ఒక వంతవుతుంది. పాచిక పడకపోతే ఆగే వ్యవధి స్లాట్ టైమ్. ఒక రేడియో పంపడం మొదలెట్టాక, పక్కది 'బిజీ' అని గుర్తించడానికి పట్టే సమయం కన్నా అది ఎక్కువ ఉండాలి. దాన్ని తగ్గించి వేగం పెరిగిందని మురిసిపోకు.

'బిజీ' గీత ఎక్కడ గీయాలో మాత్రం అక్కడే కొలిచి తేల్చు. మరీ కింద పెడితే నాయిస్‌నే సిగ్నల్ అనుకుని రేడియో నోరు మెదపదు. మరీ పైన పెడితే దూరపు రేడియో లేనట్టే. మాసి మగం పండగ తీర్థవారి నాడు మీ సముద్రపు ఒడ్డంతా జనరేటర్లూ మైకులూ. ఆ రోజు ఒకసారి, మామూలు రోజు ఒకసారి నాయిస్ రాసుకో.

అసలు సంగతి ఇది. కాలాపట్ వైపు రేడియోకి వీరాంపట్టణం వైపుది వినపడదు, మధ్యలో ఊరంతా ఉంది. నీ మేడకి రెండూ వినపడతాయి. రెండూ బుద్ధిగా విని, ఖాళీ అనుకుని పంపుతాయి. ఢీకొనేది నీ యాంటెన్నా దగ్గర. పవర్ పెంచితే గట్టిగా అరిచేవాడు నెగ్గి, రెండోవాడు ఎప్పటికీ ఓడిపోతాడు. దీనికి పాచికలు పనిచెయ్యవు. ఆ రెండింటినీ బేసే పేరుపెట్టి పిలిచి అడగాలి. పిలవందే అవి పలకకూడదు.

ఆ చుట్టుపక్కల గాలిలో డేటా పంపడం కొత్తేం కాదు. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ విల్లియనూరు కేంద్రంగా పల్లెలకి వీహెచ్‌ఎఫ్ రేడియోలతో సమాచారం పంపింది. వీరాంపట్టణంలో అలల ఎత్తు సూచనలు మైకులో చదివేవారు.

ఒక్కో సెట్టింగ్ మార్చి ఒక రోజు ఆగు. ఏ రేడియో నుంచి ఎన్ని ప్యాకెట్లు రావాలో, ఎన్ని వచ్చాయో వరుస నంబర్లతో నాకు రాయి. పాత విలువలు కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించు. నీ తర్వాత వచ్చేవాడు నీకు ఫోన్ చెయ్యక్కర్లేకుండా.

ఆశీస్సులతో,
మావయ్య