నడుం నిలబెట్టే చదువులు

వెంకటగిరికోట (వి.కోట) మార్కెట్లో టమోటా బాక్సులు మోసే హమాలీలు, గ్రేడింగ్ దగ్గర గంటల తరబడి వంగి ఉండే ఆడవాళ్లు, మల్బరీ ఆకు కోసే రైతులు, బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తూ పండక్కి ఇంటికొచ్చే కుర్రాళ్లు... అందరి నోటా ఒకటే మాట, నడుం నొప్పి. మాత్ర వేసుకుంటారు, మర్నాడు మళ్లీ అదే వంపుతో అదే పని. ఆ వంపును సరిచేసుకోవడం నేర్పేవాళ్లు మన వైపు బాగా తక్కువ. ఇంటర్, డిగ్రీ అయ్యి ఏం చేయాలా అని ఆలోచిస్తున్నవాళ్లకు ఇందులో పని ఉంది, గౌరవమూ ఉంది.

వ్యాయామం ఒక్కటే దీనికి మందు కాదు. ఎలా కూర్చుంటున్నాం, ఎలా లేస్తున్నాం అని గమనించడం కూడా ఒక విద్యే. ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అనే ఆస్ట్రేలియా నటుడికి వేదిక మీద గొంతు పోయేది. అద్దాల ముందు నిలబడి తనను తాను పరిశీలించుకుంటే, మాట మొదలుపెట్టేటప్పుడే తల వెనక్కి లాగి మెడ బిగిస్తున్నట్టు తెలిసింది. ఆ అలవాటును ఆపడం సాధన చేశాడు, తర్వాత ఇతరులకు నేర్పాడు. అదే అలెగ్జాండర్ టెక్నిక్. దీర్ఘకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న 579 మందిపై జరిగిన అధ్యయనాన్ని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకు ఏడాది తర్వాత నాలుగు వారాల్లో సుమారు 21 రోజులు నొప్పి ఉంటే, ఈ టెక్నిక్‌లో 24 పాఠాలు నేర్చుకున్నవాళ్లకు మూడు రోజులే. భౌతిక శాస్త్రవేత్త, జూడో నిపుణుడు మోషే ఫెల్డెన్‌క్రైస్ తన మోకాలి గాయం నుంచి కోలుకునే క్రమంలో ఇలాంటి పద్ధతినే మరో రకంగా రూపొందించాడు.

శరీరాన్ని గమనించే ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గరా, 1960ల్లో టి.కె.వి. దేశికాచార్ దగ్గరా యోగా నేర్చుకున్నారు. ప్రపంచమంతా ఉపన్యాసాలిస్తూ తిరిగిన ఆయన పెద్ద వయసులోనూ సాధన మానలేదు.

ఇక చదువుల సంగతి. బైపీసీ చదివి, రోగులకు చికిత్స చేయాలనుకుంటే ఫిజియోథెరపీ నా మొదటి సలహా. తిరుపతి స్విమ్స్‌లో ఆ కోర్సు ఉంది. 2021 చట్టంతో ఈ వృత్తికి జాతీయ కమిషన్ వచ్చింది. నిబంధనలు మారుతున్నాయి కాబట్టి చేరే ఏడాది నోటిఫికేషన్ చదవండి. ప్రకృతి వైద్యం, యోగా కలిసిన బీఎన్‌వైఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. హైదరాబాద్‌లోని గాంధీ నేచురోపతిక్ మెడికల్ కాలేజీలో, ధర్మస్థల దగ్గర ఉజిరెలో ఈ కోర్సు ఉంది. ఆర్ట్స్, కామర్స్ వాళ్లకు ఆంధ్రా విశ్వవిద్యాలయం యోగా విభాగం ఒక దారి. కేంద్ర ఆయుష్ శాఖ కింద పనిచేసే యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు ఇంకో దారి. వాటిలో ప్రొటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ అని మెట్లుంటాయి. బడుల్లో, జిమ్‌లలో, కంపెనీల్లో ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ అక్కరకొస్తుంది.

అలెగ్జాండర్ టీచర్ కావాలంటే మూడేళ్ల శిక్షణ, సుమారు 1,600 గంటలు. ఖర్చు ఎక్కువ. మొదటి అడుగే అటు వేయమని నేను చెప్పను. ఫిజియోథెరపీయో యోగానో చేతిలో ఉన్నాక, సంపాదన నిలబడ్డాక నేర్చుకుంటే మీ పనికి కొత్త పదును వస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నెల రోజుల సర్టిఫికెట్‌తో థెరపిస్ట్ అని బోర్డు పెట్టకండి. కాలు తిమ్మిరెక్కుతోందన్నా, పట్టు తప్పుతోందన్నా, మూత్రం మీద అదుపు పోతోందన్నా ఆసనాలు వేయించకూడదు, వెంటనే ఆస్పత్రికి పంపాలి. నేర్పేవాడికి తన హద్దు తెలియకపోతే ఎదుటివాడి వెన్ను దెబ్బతింటుంది.

వి.కోట పిల్లలకు ఈ పనిలో ఒక బలం ఉంది. తెలుగు, కన్నడ, తమిళం చెవిన పడుతూ పెరుగుతారు. కోలారు నుంచి వచ్చిన రోగికైనా, పేర్ణాంబట్టు నుంచి వచ్చిన అవ్వకైనా వాళ్ల మాటల్లోనే చెప్పగలరు. ఈ వృత్తిలో సగం పని మాటతోనే జరుగుతుంది.

చేరే ముందు ఆ సంస్థకు వెళ్లి ఒక క్లాసు చూడండి. దగ్గరుండి తప్పు దిద్దే గురువు ఉంటేనే ఫీజు కట్టండి.