బటన్ పలకకపోతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: నాకు చూపు లేదు. మాది కర్నూలు, పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఫోన్‌లో తెరమీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని సరుకులు, బట్టలు నేనే కొనుక్కుంటాను. ఒక బట్టల యాప్‌లో సైజు ఎంచుకునే చోటా, డబ్బు కట్టే చోటా ‘అన్‌లేబుల్డ్ బటన్’ అని తప్ప ఇంకేమీ వినపడదు. కస్టమర్ కేర్‌కి చెబితే ‘ఇంట్లో ఎవరిచేతైనా పెట్టించుకోండి మేడమ్’ అన్నారు. చట్టంలో దీనికి దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. ఇంట్లోవాళ్లచేత పెట్టించుకోవడమంటే కార్డు నంబరు, ఓటీపీ, లోదుస్తుల సైజు అన్నీ ఇంకొకరికి చెప్పుకోవడమే. అలా చెప్పుకోవాల్సిన అవసరం మీకు లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో, సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలనే సెక్షన్ 46 ప్రభుత్వ సేవలతో పాటు ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. దీనికి ఉదాహరణ మీ ఊళ్లోనే ఉంది. బెంగళూరు కంపెనీ ప్రాక్టో యాప్ అంధులు వాడేలా లేదని రాహుల్ బజాజ్ అనే అంధ న్యాయవాది ఢిల్లీలోని దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కు ఫిర్యాదు చేశారు. ప్రైవేటు కంపెనీ కూడా ఈ చట్టానికి కట్టుబడాల్సిందేనని, యాప్‌ను సరిచేయాలని కమిషనర్ తేల్చారు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం కింద అందుబాటు ప్రమాణాలు చెప్పే రూల్ 15(1)ను కొట్టేసింది. ‘ఇక రూలే లేదుగా’ అని కంపెనీ లాయరు అనవచ్చు. బెదరకండి. ఆ రూలు సలహాలా మెతకగా ఉందనే కోర్టు కొట్టేసింది, తప్పనిసరి ప్రమాణాలు పెట్టమని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని కూడా చెప్పింది.

జరిమానా మాత్రం, నిజం చెప్పాలంటే, పెద్ద కంపెనీకి చిల్లర ఖర్చే. సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు. కంపెనీలకు అసలు గుబులు పరువు గురించే. అమెరికాలోనైతే టార్గెట్ అనే దుకాణాల సంస్థ ఇలాంటి కేసునే 2008లో 60 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. మన దగ్గర అంత సొమ్ము ఆశించకండి.

ముందు సాక్ష్యం సిద్ధం చేసుకోండి. ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డ్ చేస్తే టాక్‌బ్యాక్ గొంతు ఒక్కోసారి పడదు, అందుకని ఇంకో ఫోన్‌తో వీడియో తీయించండి. తేదీ, యాప్ వెర్షన్ రాసుకోండి. దాన్ని జతచేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలిక లేకపోతే చీఫ్ కమిషనర్‌కు రాయండి. ఊళ్లో దుకాణం నడిపే చిన్న వెబ్‌సైట్ అయితే బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర కమిషనర్ దగ్గరకు వెళ్లవచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే ఒక మెలిక ఉంది. డబ్బిచ్చి, లేదా ఇస్తానని ఒప్పుకుని కొన్నవారినే చట్టం వినియోగదారు అంటుంది. కొనడమే కుదరలేదంటే అవతలివాళ్లు అక్కడే పట్టుకుంటారు. గతంలో ఆ యాప్‌లో ఏదైనా కొని, రిటర్న్ బటన్ పలకక తిప్పి పంపలేకపోయారా? అయితే ఆ బిల్లు వెతికి పెట్టుకోండి, కేసుకు అదే ఆయువుపట్టు. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. లాయరు ఖర్చుకూ భయపడకండి. దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.

మెయిల్‌లో మాత్రం నష్టపరిహారం కంటే ముందు, ఏ బటన్‌ను ఎప్పటికల్లా సరిచేస్తారో రాతపూర్వకంగా అడగండి. 500 రూపాయల కూపన్ పంపి ‘ఇష్యూ క్లోజ్డ్’ అంటే ఒప్పుకోకండి.