సందేహాలు – సమాధానాలు: జియోక్యాష్ పేజీకి వెనక బొమ్మ

సందేహం: మా ఊరు బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలోని సంతపూర్. ఊరి శివారులో ఒక జియోక్యాష్ డబ్బా (జీపీఎస్ సాయంతో వెతికే ఆట కోసం దాచే డబ్బా) పెట్టి, ఆట వెబ్‌సైట్‌లో దాని పేజీ తయారు చేస్తున్నాను. కొందరి పేజీల్లో రాతకు రెండు పక్కలా అందమైన బొమ్మ కనిపిస్తుంది. అది ఎలా పెడతారు? నేను లింకు పెట్టి చూశాను, ఏమీ రాలేదు.
– ఒక ఉపాధ్యాయుడు, సంతపూర్

సమాధానం: మాస్టారూ, మీరు పెట్టినది బొమ్మ ఉన్న పేజీ లింకు అయి ఉంటుంది. అక్కడ కావలసింది బొమ్మ ఫైలుకే ఉన్న చిరునామా. మామూలుగా దాని చివర జేపీజీ అనో పీఎన్‌జీ అనో ఉంటుంది. ముందు మీ ఫొటోను మీ క్యాష్ పేజీలోని చిత్రాల విభాగంలోకే ఎక్కించండి. ఎక్కాక దాన్ని పెద్దదిగా తెరిచి, కంప్యూటర్ మీద కుడి బటన్ నొక్కితే బొమ్మ చిరునామా కాపీ చేసుకునే వీలు వస్తుంది. ఆ చిరునామాను, వివరాలు మార్చే ఫారంలో బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ యూఆర్ఎల్ అడిగే గడిలో అతికించి సేవ్ చేయండి. ఇదంతా ఫోన్‌లో చేయబోతే విసుగు పుడుతుంది. కంప్యూటర్ దగ్గర కూర్చోండి.

బొమ్మను ఇంకెక్కడో ఉంచి లింకు ఇవ్వొచ్చు గానీ, నేను వద్దనే అంటాను. అక్కడ ఆ ఫైలు తీసేసిన రోజున మీ పేజీ బోసిపోతుంది, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. ఆ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో కాకుండా పాత హెచ్‌టీటీపీతో మొదలైతే బ్రౌజరే అడ్డుకోవచ్చు. ఫోన్‌లో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు ఎక్కించకండి. నాలుగైదు ఎంబీల ఫొటో, సిగ్నల్ సరిగా అందని చోట పేజీని సతాయిస్తుంది. కొలత తగ్గించి, రెండు మూడు వందల కేబీలకు తెచ్చుకుంటే చాలు.

సందేహం: బీదర్‌లోని మహమూద్ గవాన్ మదరసా ఫొటో వెనక బొమ్మగా పెట్టాను. మినార్ ముక్కలు ముక్కలుగా, పదే పదే కనిపిస్తోంది. తప్పు ఎక్కడుంది?
– ఒక విద్యార్థిని, బీదర్

సమాధానం: తప్పేమీ లేదమ్మా. బొమ్మ చిన్నదైతే పేజీ దాన్ని గచ్చు మీద పలకల్లా పక్కపక్కనే పరుచుకుంటూ పోతుంది. అందుకే భవనాలూ మనుషుల ముఖాలూ ఇక్కడ నప్పవు, అల్లికలు నప్పుతాయి. ఆ విషయంలో మీ ఊరికి ఉన్న అదృష్టం తక్కువ ఊళ్లకే ఉంది. బహమనీల మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన ఆ మదరసా గోడల మీద, ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి ఒక భాగం కూలిపోయినా, మెరుగు పలకలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మినార్‌ను వదిలేసి ఆ పలకల అల్లికను దగ్గరి నుంచి, కెమెరా గోడకు నేరుగా ఎదురుగా ఉండేలా తీయండి. ఎండ ఏటవాలుగా పడే వేళ వద్దు. సగం నీడ, సగం వెలుగు ఉన్న ఫొటో పక్కపక్కన పరిస్తే గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఎడమ అంచు కుడి అంచుతో, పై అంచు కింది అంచుతో కలిసేలా కత్తిరిస్తే అతుకు తెలియదు.

బిద్రీ పనితనం కూడా ఇందుకు బాగా కుదురుతుంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదర్ కోటలోని పాత మట్టితో నల్లబరిచే ఆ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ ఇంట్లో బిద్రీ పళ్లెం ఉంటే దాని ఫొటో మీరే తీసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంకొకరి ఫొటో వాడకండి. నలుపు మరీ గాఢంగా ఉంటే కన్ను రాత మీద నిలవదు కాబట్టి కాస్త పలచబరచండి.

సందేహం: నాది మిస్టరీ క్యాష్, అంటే చిక్కుముడి విప్పితేనే డబ్బా చోటు తెలిసే రకం. అసలు అక్షాంశ రేఖాంశాలను వెనక బొమ్మలోనే దాచాను. బొమ్మే లేదని కొందరు రాస్తున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: వాళ్లు చెప్పేది నిజమే. వెనక బొమ్మ ఫోన్ యాప్‌లో రాదు, చేతి జీపీఎస్ పరికరంలోనూ రాదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో పేజీ తెరిచినవారికే కనిపిస్తుంది. ఇవాళ చాలామంది ఆట మొత్తం ఫోన్‌లోనే ఆడుతున్నారు. వాళ్లు మీ చిక్కుముడిలో ఓడిపోవడం లేదు, అసలు దాన్ని చూడనే లేదు. బొమ్మలో దాచడం మంచి ఎత్తే, మానేయమనను. అయితే వివరణలో “ఈ పేజీని కంప్యూటర్‌లో ఒకసారి చూడండి” అని ఒక్క వాక్యం రాయండి, లేదా అదే బొమ్మను వివరణ మధ్యలో కూడా పెట్టండి. పేజీ చివర ఉండే హింట్ మాత్రం యాప్‌లోనూ చదువుకోవచ్చు. దారి చూపే మాట ఏదైనా ఉంటే దాని చోటు అదే. అక్కడికి చేరే దారి, డబ్బా కొలత, కష్టం, నేల తీరు వంటివి ఎప్పుడూ బొమ్మకు అప్పగించకండి.

సందేహం: డబ్బా పెట్టిన చెట్టు ఫొటోనే వెనక పెడితే వెతికేవాళ్లకు సాయంగా ఉంటుంది కదా?
– సంతపూర్ నుంచి ఇంకొకరు

సమాధానం: సాయం చేయబోయి వెతుకులాటనే లేకుండా చేసినట్టవుతుంది. పైగా ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచి తీసిన ఫొటోలో ఆ చోటు అంకెలతో సహా దాగి ఉండవచ్చు. ఎక్కించే ముందు ఆ సమాచారం తీసేయండి. కంది చేనో జొన్న కంకులో, మీ ప్రాంతాన్ని చూపుతూ చోటును చెప్పని ఫొటో ఏదైనా బాగుంటుంది. చెట్టు ఎవరి పొలంలో ఉందో వారి అనుమతి అడిగారనే అనుకుంటున్నాను.

సందేహం: బీదర్ కోటలో డబ్బా పెట్టి, దాని పేజీకి కోట రాళ్ల బొమ్మ పెట్టాలని ఉంది.
– ఒక డిగ్రీ విద్యార్థి, బీదర్

సమాధానం: బొమ్మ సంగతి తర్వాత. ఆ కోట రక్షిత కట్టడం. పురావస్తు శాఖ అనుమతి లేకుండా గోడ సందుల్లో డబ్బా దాచకూడదు. వెతికేవాళ్లు రాళ్లు కదుపుతారు. ఐదారు వందల ఏళ్ల నాటి గోడకు ఆ ముప్పు తేవద్దు.

మీ కోరికకు సరిపోయే వేరే రకం ఉంది: ఎర్త్‌క్యాష్. అందులో డబ్బా ఉండదు. వచ్చినవారు నేలను చూసి, మీరు అడిగిన భూగర్భ ప్రశ్నలకు జవాబులు పంపుతారు. బీదర్ పట్టణం ఎర్రని లాటరైట్ పీఠభూమి మీద ఉంది. కోట చుట్టూ కందకాన్ని ఆ రాతిలోనే తొలిచారు. వాన నీరు లాటరైట్ రంధ్రాల గుండా దిగి, అడుగున నల్లరాయి తగిలిన చోట ఆగుతుంది. నౌబాద్ దగ్గరి కరేజ్ అనే భూగర్భ నీటి కాలువ ఆ నీటినే పట్టుకుని నడిచింది. “ఈ రాతిలో రంధ్రాలు ఎంతెంత ఉన్నాయి? రంగు ఎందుకు ఎరుపు?” అని అడగండి. జవాబులు రాతిని చూస్తేనే దొరకాలి, మీరు పెట్టిన బొమ్మలో కాదు. అందుకని ఈ పేజీ వెనక రాతి ముఖాన్ని మరీ దగ్గరగా చూపకుండా, దూరం నుంచి తీసిన ఎర్రమట్టి నేలను పెట్టండి.