బంతి – వంతు

పాఠ్యభాగ పరిచయం

ఆటల నియమాలు గెలుపోటములను నిర్ణయించడంతోనే ఆగిపోవు. ఆట ఎవరికోసం, ఎందుకోసం అన్న ప్రశ్నకు కూడా అవి సమాధానం చెబుతాయి. పిల్లల సాఫ్ట్‌బాల్‌లో బ్యాటింగ్ వరుసకు, జట్టులో ఆటగాళ్ళు తక్కువైన సందర్భాలకు సంబంధించిన నియమాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

తెలుగువారి విందులలో భోజనానికి కూర్చున్న వరుసను 'బంతి' అంటారు. 'పంక్తి' అనే సంస్కృత శబ్దానికి ఇది వికృతి. ఒకే బంతిలో కూర్చున్నవారికి వడ్డనలో తేడా చూపడం పంక్తిభేదం. అది దోషమని పెద్దలు భావించారు. ఆడుకొనే బంతి వేరు, భోజనాల బంతి వేరు. అయినా ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసే ఆట ఒకటి ఉంది. అదే సాఫ్ట్‌బాల్.

ఈ ఆట 1887 నవంబరులో అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది. ఫరగట్ బోట్ క్లబ్‌లో ఒక ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం వేచి ఉన్న యువకులు బాక్సింగ్ గ్లవ్‌ను చుట్టి బంతిగా కట్టి, కర్రతో కొట్టి ఆడారు. వారిలో ఒకరైన జార్జ్ హాంకాక్ దీనికి నియమాలు ఏర్పరిచాడు. 'సాఫ్ట్‌బాల్' అనే పేరు 1926లో వచ్చింది. పిల్లల బేస్‌బాల్ సంస్థగా ప్రసిద్ధమైన లిటిల్ లీగ్ 1974లో బాలికల కోసం సాఫ్ట్‌బాల్‌ను ప్రారంభించింది. నేడు తెలుగు రాష్ట్రాల పాఠశాల క్రీడలలోనూ ఈ ఆటకు స్థానం ఉంది.

మనకు పరిచితమైన క్రికెట్‌లో కెప్టెన్ తన అవసరాన్ని బట్టి బ్యాటింగ్ వరుసను మార్చుకోవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో అది కుదరదు. ఆటకు ముందే వరుసను రాసి ఇవ్వాలి. ముగ్గురు అవుట్ కాగానే ఆ జట్టు బ్యాటింగ్ ముగుస్తుంది. తర్వాతి ఇన్నింగ్స్‌లో వరుస ఆగిన చోటి నుండే మళ్ళీ మొదలవుతుంది. చివరివారి తర్వాత తిరిగి మొదటివారు వస్తారు. ఒకరి వంతులో మరొకరు ఆడితే, తర్వాతి బంతి వేయకముందే ఎదుటి జట్టు అంపైర్ దృష్టికి తేవచ్చు. అప్పుడు అవుట్ అయ్యేది వంతు కాకున్నా ఆడినవారు కాదు, ఆడవలసి ఉండి ఆడనివారు. తన వంతును కాపాడుకోవడం కూడా ఆటగాళ్ళ బాధ్యతే అని ఈ నియమం గుర్తుచేస్తుంది.

పెద్దల పోటీలలో తొమ్మిదిమంది ఆడితే సరిపోతుంది. పిల్లల జట్టులో పన్నెండుమంది ఉంటే మిగిలిన ముగ్గురి సంగతేమిటి? దీనికి సమాధానంగా వచ్చినదే అఖండ బ్యాటింగ్ వరుస. ఆ రోజు మైదానానికి వచ్చిన పిల్లలందరి పేర్లూ వరుసలో ఉంటాయి. ఫీల్డింగ్‌లో తొమ్మిదిమందే నిలిచినా, బ్యాటింగ్‌లో అందరికీ వంతు వస్తుంది. లిటిల్ లీగ్‌లో చిన్న వయసు విభాగాలకు ఈ పద్ధతి తప్పనిసరి.

దీనివల్ల కలిగే మార్పును లెక్కతో గ్రహించవచ్చు. ఆరు ఇన్నింగ్స్ పూర్తిగా ఆడిన జట్టుకు 18 అవుట్లు ఉంటాయి కనుక కనీసం 18 వంతులు వస్తాయి. తొమ్మిదిమంది ఉంటే ఒక్కొక్కరికి రెండు. పన్నెండుమంది ఉంటే మొదటి ఆరుగురికి రెండేసి, మిగిలినవారికి ఒక్కొక్కటి. అంటే, బలమైన ఆటగాళ్ళు తమ వంతులలో కొంత వదులుకుంటేనే చివరి పిల్లలకు అవకాశం దక్కుతుంది.

అసలు చిక్కు పిల్లలు తక్కువైనప్పుడు వస్తుంది. ఒకరికి జ్వరం, మరొకరికి పరీక్ష, ఇంకొకరికి ప్రయాణం. అది చివరి ఇన్నింగ్స్ అనుకుందాం. అప్పటికే ఇద్దరు అవుట్. ఒక్క పరుగు చేస్తే స్కోరు సమం. మూడో బేస్ వద్ద ఒక బాలిక పరుగుకు సిద్ధంగా ఉంది. ఇప్పుడు వంతు వచ్చిన బాలిక కాలు బెణికి ఇంటికి వెళ్ళిపోయింది. ఖాళీ స్థానాన్ని అవుట్‌గా లెక్కించే నియమం ఉంటే, ఒక్క బంతి కూడా పడకుండానే ఆట ముగుస్తుంది. లేనివారి వల్ల కలిగిన నష్టాన్ని ఉన్నవారు భరించాలి. ఆ స్థానాన్ని దాటవేసే నియమం ఉంటే, తర్వాతి బాలిక బ్యాట్ అందుకుంటుంది.

మొదటి నియమం కఠినమే కాని, నిష్కారణం కాదు. ఖాళీ స్థానానికి శిక్ష లేకపోతే గెలుపే ధ్యేయమైన కోచ్ బలహీనమైన ఆటగాళ్ళను ఇంటి వద్దనే ఉండమనవచ్చు. వరుస చిన్నదైతే బలమైనవారి వంతు త్వరగా తిరిగి వస్తుంది. ఆ మోసానికి ఈ నియమం అడ్డుకట్ట. అయితే జబ్బుపడిన పిల్లవాడు మోసగాడు కాడు. అందుకే లిటిల్ లీగ్ అఖండ వరుసలో దెబ్బ తగిలినవారిని, జబ్బుపడినవారిని, మధ్యలో వెళ్ళవలసి వచ్చినవారిని శిక్ష లేకుండా దాటవేస్తారు. వారు తిరిగి వస్తే వారి పాత స్థానం వారిదే. ఆలస్యంగా వచ్చినవారిని వరుస చివర చేరుస్తారు. బంతి మధ్యలో లేచిపోయినవారి విస్తరి ఖాళీగా ఉన్నంతమాత్రాన పక్కవారికి వడ్డన ఆగదు. ఆలస్యంగా వచ్చిన అతిథి బంతి చివర కూర్చుంటాడు. ఈ నియమాలలో ఉన్నదీ అదే నీతి.

తెలుగు పిల్లల ఆటలలో మరీ చిన్నవారిని 'ఆటలో అరటిపండు' అని చేర్చుకుంటారు. వారు అవుట్ అయినా లెక్కలేదు, గెలిచినా లెక్కలేదు. అందులో దయ ఉంది, గౌరవం లేదు. అఖండ వరుసలోని చివరి బాలికది అటువంటి స్థానం కాదు. ఆమె చేసిన పరుగు పరుగే, ఆమె అవుట్ అవుటే. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అని లోకోక్తి. వడ్డించేవాడు ఎవరైనా కడబంతికి అన్యాయం జరగకుండా చూడటమే నియమం చేయవలసిన పని. పిల్లల ఆటలో గెలుపు ఒక జట్టుకే దక్కుతుంది. వంతు మాత్రం వచ్చిన ప్రతి ఒక్కరికీ దక్కాలి.

కఠిన పదాలకు అర్థాలు

పంక్తిభేదం : ఒకే వరుసలోనివారి మధ్య తేడా చూపడం
అఖండం : మధ్యలో తెగనిది
నిష్కారణం : కారణం లేనిది
విస్తరి : భోజనానికి ఆకులతో కుట్టినది
కడబంతి : చివరి వరుస

వ్యాకరణం

ప్రకృతి – వికృతులు : పంక్తి – బంతి, నియమం – నేమం, దోషం – దోసం
గెలుపోటములు = గెలుపు + ఓటములు : ఉత్వసంధి
లోకోక్తి = లోక + ఉక్తి : గుణసంధి

ప్రశ్నలు

1. ఖాళీ స్థానాన్ని అవుట్‌గా లెక్కించడం, దాటవేయడం – ఈ రెండు నియమాలలోని న్యాయాన్యాయాలను చర్చించండి.
2. అఖండ బ్యాటింగ్ వరుస వల్ల ఎవరు ఏమి పొందుతారు? ఎవరు ఏమి వదులుకుంటారు?
3. 'ఆటలో అరటిపండు' అనే మాటలో 'దయ ఉంది, గౌరవం లేదు' అనడంలోని అంతరార్థాన్ని వివరించండి.