ఐడ్లింగులో ఆగిపోయే బోటు ఇంజను

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధము అమలులో ఉండును. ఆ రెండు నెలలు ఒడ్డున పడియున్న ఔట్‌బోర్డు ఇంజను జూన్ 15 ఉదయం మొదటి తాడుకే అందుకొనవచ్చును. వేగంలో చక్కగా నడిచి, గేరు మార్చుటకు వేగం తగ్గించగానే ఆగిపోవచ్చును. ఉప్పాడ, భీమునిపట్నం వైపు ఇసుక ఒడ్డు నుండి కెరటం దాటి పోవలసిన బోటుకు ఇది ప్రాణసంకటము. ఇంజను ఆగిన బోటు కెరటానికి అడ్డం తిరుగును.

వేగంలో పెట్రోలు కార్బొరేటరులోని పెద్ద జెట్టు గుండా వచ్చును. ఐడ్లింగులో మాత్రం పైలట్ జెట్ అనే సన్నని రంధ్రమే ఆధారము. నిలువ పెట్రోలు ఆవిరై మిగిల్చిన జిగురు ముందుగా మూసివేసేది దానినే. పైగా నేడు బంకు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలియుచున్నది. ఇది తేమను పీల్చుకొనును. తేమ హద్దు మీరిన, నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరుపడును. ఆ అడుగు ద్రవంలో టూ-స్ట్రోక్ నూనె ఇంచుమించు ఉండదు కనుక పిస్టనుకే ముప్పు.

ఇటువంటి ఇంజనుకు చాలామంది ఐడ్లింగు స్క్రూ బిగించి వేగం పెంచుదురు. నేను క్షేత్ర పర్యటనలో చూచిన ఒక ఇంజను అట్లే "బాగుపడినది". హెచ్చు వేగంలో గేరు వేసి వేసి నెల తిరుగకముందే గేరు పళ్ళు అరిగినవి. వాయిదాకు దాచిన సొమ్ము వాటికే పోయినది. స్క్రూ జోలికి చివరనే పోవలెను.

ముందుగా పాత పెట్రోలు పూర్తిగా తీసి, కంపెనీ పుస్తకంలోని పాళ్ళలో నూనె కలిపిన కొత్త పెట్రోలు పోయవలెను. ఫిల్టరు గిన్నెలో నీరు ఉన్నదేమో చూడవలెను. తరువాత స్పార్క్ ప్లగ్గులు. రెండు సిలిండర్ల ఇంజనులో ఒక ప్లగ్గు గోధుమరంగులో పొడిగాను, రెండవది నల్లగా తడిగాను ఉన్న, ఆ రెండవ సిలిండరు సరిగా మండుట లేదని అర్థము. ప్లగ్గు మార్చి చూడవలెను.

అప్పటికీ ఆగుచున్న, పైలట్ జెట్ విప్పి కార్బొరేటర్ స్ప్రేతోను, గాలితోను శుభ్రపరచవలెను. ఇనుప తీగ దూర్చరాదు. రంధ్రము వెడల్పైన పెట్రోలు పాళ్ళు మారును. మిశ్రమం స్క్రూ విప్పుటకు ముందు దానిని మెల్లగా లోపలికి తిప్పుచు, ఎన్ని చుట్లకు ఆగినదో కాగితంపై వ్రాసుకొని, తిరిగి అన్ని చుట్లే వదలవలెను. గట్టిగా బిగించిన దాని మొన చెడును. ఇంకను లోపమున్న, కార్బొరేటరు వెనుక గాస్కెటు నుండి గాలి చొరబడుచుండవచ్చును. అది మెకానిక్కు పని.

పరీక్షించునపుడు ఇంజనును డ్రమ్ములో, నీరు తీసుకొను రంధ్రములు మునుగునట్లు నిలుపవలెను. నీరు లేక నడిపిన నీటి పంపు రబ్బరు కొద్దిసేపటికే కాలిపోవును. ముందుగా పంకా విప్పుట క్షేమము.

డీలరు మిత్రులు అమ్మిన ప్రతి ఇంజనుతోను మిశ్రమం స్క్రూ చుట్ల సంఖ్య, ఐడ్లింగు వేగము తెలుగులో వ్రాసిన అట్ట ఒకటి ఇచ్చిన ఎంతో మేలు. 2018-19 నుండి మత్స్యకారులకు కూడ కిసాన్ క్రెడిట్ కార్డు వర్తించుచున్నది. సముద్ర వేటలో ఇంధనపు ఖర్చు దాని పరిమితిలో చేర్చవచ్చును. కావున పాత పెట్రోలును పొదుపు పేరిట వాడనవసరము లేదు.

వచ్చే ఏప్రిల్‌లో బోటు ఒడ్డెక్కించిన నాడే ఇంజనును మంచినీటితో నడిపి, పెట్రోలు గొట్టము ఊడదీసి, కార్బొరేటరులో మిగిలినది అయిపోయి దానంతట అది ఆగువరకు ఉంచవలెను.