మందునకు లొంగని తెగులు



పంట చేతికి వచ్చినప్పుడు బలమైన కంకుల నేరి విత్తనమునకు దాచుకొనుట మన తాతలనాటి పద్ధతి. తాలు పోవును, గట్టి గింజ మరుసటి యేటి పొలమును నింపును. ఇట్టి యేరివేతయే మనకు తెలియకుండ మన కొట్టములలోను కోళ్ల పాకలలోను జరుగుచున్నది. అచ్చట మన మేరుచున్నది రోగక్రిముల విత్తనము.

పెన్సిలిన్ మొదలగు యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా యను క్రిములను చంపును. కాని కోట్లకొలది క్రిములలో మందును తట్టుకొనగలవి కొన్ని యుండవచ్చును. తక్కినవి చచ్చినను అవి మిగిలి వృద్ధిపొందును. అక్కర లేనప్పుడును, చాలీచాలని మోతాదునను మందు వాడినకొలది ఆ మొండి జాతియే పెరుగును. పెన్సిలిన్‌ను 1928లో కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగుగారు 1945లో నోబెల్ బహుమానము నందుకొనినప్పుడే యీ యపాయమును గూర్చి హెచ్చరించిరి.

నే నెఱిగిన యొక రైతు గేదెకు పొదుగువాపు వచ్చెను. వైద్యుడు అయిదు దినములు సూదిమందు వ్రాసెను. రెండవ నాటికి వాపు తగ్గగా రైతు వైద్యుని అడుగకయే మందు మాని, మిగిలినదానిని దాచి, పొరుగువాని యావునకు వేసెను. నెల తిరుగకమునుపే వాపు మరల వచ్చెను. ఈ పర్యాయము ఆ మందు పనిచేయలేదు. గేదెకు ఒక చన్ను శాశ్వతముగా ఎండిపోయెను.

నష్టము కొట్టముతో ఆగదు. కొలిస్టిన్ అను మందు, ఇతర మందులు విఫలమైనప్పుడు ఆసుపత్రులలో మనుష్యుల ప్రాణరక్షణకై వాడు కడపటి మందులలో నొకటి. అట్టిదానిని కోళ్లు, పందులు త్వరగా బరువెక్కుటకై అనేక దేశములలో దాణాలో కలిపిరి. ఆ మందును తట్టుకొను గుణము ఒక క్రిమినుండి మఱియొక క్రిమికి సంక్రమింపగలదని 2015లో చీనాదేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అట్టి క్రిములు పందులలోను, మాంసములోను, రోగులలోను కూడ కనబడినవి. భారత ప్రభుత్వము 2019 జులైలో ఆహారమునకై పెంచు పశువులకును, కోళ్లకును, చేపల రొయ్యల చెరువులకును కొలిస్టిన్ వాడకమును నిషేధించినది.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలయును.

1. పశువైద్యుడు చూడనిదే యాంటీబయాటిక్ ఇయ్యరాదు. గాలికుంటు, కోళ్ల కొక్కెర తెగులు వైరస్ వలన వచ్చును. వైరస్‌ను ఈ మందులు చంపజాలవు. ముందుగా టీకాలు వేయించుటయే రక్ష.

2. మోతాదును, దినములను వైద్యుడు చెప్పినట్లే పాటింపవలయును. మిగిలిన మందును దాచరాదు, పొరుగువారి కియ్యరాదు.

3. ఎదుగుదలకని దాణాలో మందు కలుపరాదు. దాణా సంచిపై నున్న చీటీని చదివి కొనవలయును.

4. మందు వేసిన పశువు పాలను, మాంసమును, కోళ్ల గ్రుడ్లను వైద్యుడు చెప్పిన గడువు తీరువఱకు అమ్మరాదు. అట్టి పాలు ఒక్కొక్కప్పుడు తోడుకొనవు కూడ.

5. పొడినేల, మంచి గాలి, శుభ్రమైన నీరు ఉంచుడు. పాలు పితుకుటకు ముందు చేతులను, పొదుగును కడుగుడు. రోగము తగ్గినచో మందు ఖర్చును తగ్గును.

ఊరి చెరువునకు ఒక్కడు గండి కొట్టినను అందఱి పొలములు ఎండును. ఈ మందులును అట్టి ఉమ్మడి సొత్తే. నేడు మన కోడికి వృథాగా వేసిన మందు రేపు మన బిడ్డ జ్వరమునకు పనిచేయక పోవచ్చును. సహకారము అప్పులకును విత్తనములకును మాత్రమే కాదు. ఈ విషయమున కూడ మన మందఱము ఒక్క మాటపై నిలువవలయును.